విడిచిపోయిన వానిని విడిచిపెట్టుట



మన ఆలయములలో అనేక సంగతులను గూర్చి ప్రసంగములు వినుచుందుము. ప్రార్థనను గూర్చి, కానుకను గూర్చి, త్రాగుడును గూర్చి వినుచుందుము. కాని మన మధ్యనే కూర్చుండి, మనతోపాటు పాట పాడుచు, లోలోపల కాలిపోవుచున్న కొందరిని గూర్చి మనము మాటలాడము. వారు మోసపోయిన భార్యలు, మోసపోయిన భర్తలు. పెండ్లి దినమున సంఘమంతటి యెదుట చేతిలో చెయ్యి వేసి ప్రమాణము చేసిన మనిషి మరియొకరి చెయ్యి పట్టుకొని వెళ్ళిపోగా, ఇంటిలో మిగిలిపోయినవారు. ఈ నెల మనము వారి యొద్ద కొంచెము సేపు కూర్చుందము.

ఒక సహోదరిని మీ మనస్సున ఊహించుకొనుడి. ఆమెది ఏ ఊరో చెప్పనక్కరలేదు. అట్టివారు ఒక్క ఊరిలోనే లేరు. భర్త సెంట్రింగు పనికి హైదరాబాదు వెళ్ళెను. మొదటి రెండేండ్లు ప్రతి నెలయు డబ్బు పంపెను. పండుగకు వచ్చి బిడ్డకు బట్టలు తెచ్చెను. తరువాత డబ్బు తగ్గెను. ఆ తరువాత ఫోను తగ్గెను. ఒక దినమున అదే పనిలోనుండి తిరిగి వచ్చిన బంధువొకడు తల వంచుకొని సంగతి చెప్పెను. అక్కడ వానికి మరియొక కాపురమున్నది. ఆమె ఫోను చేసి అడిగినప్పుడు వాడు అబద్ధమాడలేదు. “ఇక నా కోసం చూడకు” అని మాత్రము చెప్పి పెట్టివేసెను.

ఇది జరిగి మూడేండ్లు. ఆ ఇంటిలో ఇప్పుడున్నది ఆమెయు, అత్తయు, బిడ్డయు. అయినను ఆమె ప్రతి సాయంకాలము నలుగురికి సరిపడు బియ్యము కొలిచి వండుచున్నది. మిగిలిన అన్నము ఉదయమున కోళ్ళకు వేయుచున్నది. ఎందుకమ్మా అని ఎవరైన అడిగినయెడల, అలవాటండీ అని చెప్పును. అది అలవాటు కాదని ఆమెకును తెలియును, అడిగినవారికిని తెలియును.

ఆమె పెద్దల యొద్దకు వెళ్ళినప్పుడు ఒకరు, “ఓర్చుకో అమ్మా, వాడే వస్తాడు” అనిరి. మరియొకరు, “వదిలేసెయ్యి, పీడ పోయింది” అనిరి. మొదటి మాట ఆమెను ఇంటి గుమ్మములో కట్టివేసెను. రెండవ మాట ఆమె పదేండ్ల జీవితమును పెంటకుప్ప మీద పారవేసెను. ఏ మాటయు ఆమెకు నిద్ర పట్టనియ్యలేదు. అందువలన మన యెదుటనున్న ప్రశ్న ఇది: విడిచిపోయిన వానికి విడువబడినవారు ఇంకను ఏమి బాకీ యున్నారు? పట్టుకొనియుండుట నమ్మకత్వమా? విడిచిపెట్టుట పాపమా?

మన తెలుగు మాటను ఒకసారి పరిశీలింపుడి. “విడిచిపెట్టెను” అను మాటను మనము రెండు పనులకు వాడుచున్నాము. భర్త భార్యను విడిచిపెట్టెను అందుము. చెరలోనున్న వానిని విడిచిపెట్టిరి అనియు, అప్పు విడిచిపెట్టిరి అనియు అందుము. క్రొత్త నిబంధన మొదట వ్రాయబడిన గ్రీకు భాషలో కూడ ఇట్లే యున్నది. వదలి వెళ్ళుట, అప్పు కొట్టివేయుట, క్షమించుట అను మూడింటికిని అక్కడ ఒకే మాట వాడబడినది. పని చూచుటకు ఒకటే. రెండు చోట్లను చెయ్యి తెరువబడుచున్నది. కాని ఒకడు తాను చెల్లింపవలసిన దానిని చెల్లింపక పారిపోవుటకు చెయ్యి విడిపించుకొనును. మరియొకరు తమకు రావలసిన దానిని ఇక అడుగకుండుటకు చెయ్యి తెరచుదురు. మొదటిది ద్రోహము. రెండవది విడుదల. ఆ భర్త చేసినది మొదటిది. ఆ సహోదరి చేయవలసినది రెండవది. ఈ రెండును ఒకే మాటతో పిలువబడుచున్నందుననే అనేకులు భయపడి, “నేనును విడిచిపెట్టినయెడల వానివంటి దాననే అగుదునేమో” అని వణకుచున్నారు. అట్లు కాదు. ఇల్లు కాలుచున్నదని కేక వేసినవాడు ఇంటికి నిప్పు పెట్టినవాడు కాడు.

వ్యవసాయము తెలిసిన మనకు ఒక దృష్టాంతము చాలును. జోడెద్దులను కాడి కట్టితిమి. చాలు సగములో ఒక ఎద్దు కాడి తప్పించుకొని గట్టు దాటి పోయెను. ఉన్న ఎద్దు మంచిది, అది నిలిచియున్నది. అది మంచిదని చెప్పి మనము ఆ కాడిని దాని మెడ మీదనే యుంచి, “నీవు లాగుచుండుము, అది వచ్చును” అందుమా? ఒక ప్రక్కకు ఒరిగిన కాడి దాని మెడను ఒరిపిడి పెట్టి పుండు చేయును. నాగలి చాలులో నిలువదు. ఎద్దు గుండ్రముగా తిరుగును. బుద్ధిగల రైతు మొదట కాడి దించును. కాడి దించుటవలన పారిపోయిన ఎద్దు చేసినది మంచిదగునా? కాదు. ఉన్న ఎద్దు బ్రదుకును.

ఇక విడువబడినవారు పట్టుకొనియుండునవి మూడు. ఒక్కొక్కదానిని చూతము.

మొదటిది, “ఎందుకు” అను ప్రశ్న. నాలో ఏమి తక్కువ? నేను నల్లగా నుంటిననియా? నాకు చదువు లేదనియా? నేను కోపముగా మాటలాడితిననియా? ఈ ప్రశ్న రాత్రివేళ వచ్చును, తెల్లవారువరకు పోదు. సహోదరీ, సహోదరుడా, ప్రతి ఇంటిలోను లోపములున్నవి. నీ ఇంటిలోను ఉండియుండును. వాటిని దేవుని యెదుట ఒప్పుకొనుట మంచిదే. కాని లోపము వేరు, ద్రోహము వేరు. ఇంటి కప్పు కారినయెడల తాటాకు తెచ్చి కప్పుకొందుము. ఇల్లు విడిచి పారిపోము. నీ లోపము మాటలాడుకొనుటకు కారణము, తగవు తీర్చుకొనుటకు కారణము, పెద్దలను పిలుచుటకు కారణము. అది మోసమునకు కారణము కాదు. మోసమునకు కారణము మోసగించినవాడు చేసికొన్న నిర్ణయమే. ఆ ప్రశ్నకు జవాబు వాని యొద్దనున్నది. వానికే సరిగా తెలియకయు ఉండవచ్చును. తన యొద్ద లేని తాళపుచెవి కొరకు తన ఇల్లంతయు త్రవ్వుకొనువారు ఇల్లు పాడుచేసికొందురు.

రెండవది, లెక్క. నేను వాని కొరకు ఇంత చేసితిని. వాడు నాకు ఇంత చేసెను. పుస్తెలు కుదువ పెట్టి వాని ప్రయాణమునకు డబ్బిచ్చితిని. వాని తల్లికి జబ్బు చేసినప్పుడు నేనే మేలుకొంటిని. ఈ లెక్కలో అబద్ధము లేదు. ప్రతి పైసయు నిజమే. క్షమించుడని చెప్పువారు కొందరు ఈ లెక్కయే తప్పన్నట్లు మాటలాడుదురు. అది అన్యాయము. అప్పు లేనిచోట అప్పు కొట్టివేయుట యుండదు. క్షమించువారు మొదట, “ఇది నిజముగా అప్పు, నాకు నిజముగా అన్యాయము జరిగినది” అని గట్టిగా పలుకవలెను. తరువాత మాత్రమే, “దీనిని నేను వసూలు చేయను, నా జీవితమంతయు దీని వాకిట కూర్చుండను, న్యాయము తీర్చువాడు వేరొకడున్నాడు” అని చెప్పుటకు వీలగును.

ఇచ్చట ఒక జాగ్రత్త. హృదయములోని లెక్క విడిచిపెట్టుట వేరు, బిడ్డ అన్నము విడిచిపెట్టుట వేరు. భర్తగా వాడు నీకు చేసిన ద్రోహమును నీవు క్షమింపవచ్చును; అది నీది. తండ్రిగా వాడు బిడ్డకు చెల్లింపవలసినది నీది కాదు, అది బిడ్డది. దానిని విడిచిపెట్టుటకు నీకు హక్కు లేదు. భార్యకును బిడ్డలకును మనోవర్తి ఇయ్యవలెనని మన దేశపు చట్టము చెప్పుచున్నది. దాని కొరకు న్యాయస్థానమునకు వెళ్ళుట పగ కాదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచితముగా న్యాయవాదిని ఇయ్యవలెను. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగినయెడల ఆ సహాయము దొరకును.

మూడవది, ఆశ. దీనిని గూర్చి మాటలాడుటకు నాకును చెయ్యి వణకుచున్నది. ఏలయనగా ఆశ మంచిది. వాడు మారవచ్చును. దేవునికి అసాధ్యమైనది లేదు. కాని తలుపు తెరచియుంచుటకును, గుమ్మములో కూర్చుండుటకును భేదమున్నది. తలుపు తెరచియుంచినవారు లోపల వంట చేసికొందురు, బిడ్డను చదివించుకొందురు, నవ్వుదురు, నిద్రపోవుదురు. గుమ్మములో కూర్చున్నవారు దారి తప్ప మరేమియు చూడరు. వారి వెనుక ఇంటిలో బిడ్డ పెరిగిపోవుచున్నదని కూడ వారికి తెలియదు.

“అయితే హోషేయ మాటేమిటి?” అని మీలో కొందరు అడుగుదురు. సరియైన ప్రశ్న. హోషేయ ప్రవక్త భార్య గోమెరు నమ్మకద్రోహము చేసెను. వ్యభిచారిణియైన స్త్రీని మరల ప్రేమింపుమని దేవుడు అతనికి చెప్పగా అతడు వెండియు యవలును ఇచ్చి ఆమెను తెచ్చుకొనెను. ఈ కథను చూపి, “నీవును అట్లే చేయవలెను” అని విడువబడినవారి మీద బరువు మోపుట మన ప్రసంగములలో తరచుగా జరుగుచున్నది. కాని ఆ గ్రంథమును పూర్తిగా చదువుడి. ప్రవక్త చేసినది దేవుడు తన ప్రజలను ఎట్లు ప్రేమించెనో చూపుటకు అతనికి ప్రత్యేకముగా ఇయ్యబడిన పని. అతడు పొందిన ఆజ్ఞను ప్రతి ఇంటిలోని ప్రతి మనిషి మీదను మనము మోపలేము. అంతే కాదు, అదే గ్రంథము నాలుగవ అధ్యాయములో, విగ్రహములను అంటిపెట్టుకొన్న ఎఫ్రాయిమును దాని త్రోవకు వదలివేయుమను మాట యున్నది. పదునొకండవ అధ్యాయములో ఆ ఎఫ్రాయిము కొరకే దేవుని హృదయము కలవరపడుచున్నది. విడిచిపెట్టుటయు, హృదయము కలవరపడుటయు ఒకే గ్రంథములో ఒకే ప్రేమలో నున్నవి. కనుక విడిచిపెట్టిన తరువాత కూడ నీకు ఏడుపు వచ్చినయెడల, నీవు విడిచిపెట్టలేదని అనుకొనవద్దు.

లూకా సువార్త పదునైదవ అధ్యాయము మనందరికి తెలిసినదే. అక్కడ తప్పిపోయినవి మూడున్నవి. గొఱ్ఱె తప్పిపోయినప్పుడు కాపరి వెదకుచు వెళ్ళెను. నాణెము పోయినప్పుడు స్త్రీ దీపము వెలిగించి ఇల్లు ఊడ్చి వెదకెను. కాని కుమారుడు వెళ్ళిపోయినప్పుడు తండ్రి వెనుక పరుగెత్తి పట్టుకొనినట్లు వ్రాయబడలేదు. అడిగిన భాగము ఇచ్చి పోనిచ్చెను. ఎందువలన? గొఱ్ఱెకు త్రోవ తెలియదు. నాణెమునకు మనస్సు లేదు. మనిషికి మనస్సున్నది. మనస్సుగలవానిని త్రాటితో కట్టి ఇంటిలో నుంచవచ్చును గాని, త్రాటితో ప్రేమింపజేయలేము. కుమారుడు తనంతట తాను లేచి, తప్పు ఒప్పుకొనుటకు తిరిగి వచ్చినప్పుడు, అతడింక దూరమున నుండగానే తండ్రి పరుగెత్తెను. ఆ పరుగు ముందుగా జరిగినయెడల పందుల యొద్దనే ఆగిపోయియుండెడిది.

ఇక సంఘములో ఎల్లవేళల వినబడు మరియొక మాట: “దేవునికి పరిత్యాగము అసహ్యము.” అవును, మలాకీ గ్రంథము రెండవ అధ్యాయములో దాని సంగతి యున్నది. అయితే ఆ మాట ఎవరితో చెప్పబడినది? యౌవనకాలపు భార్యకు విశ్వాసఘాతము చేసి, బలిపీఠము యొద్దకు వచ్చి కన్నీళ్ళు కార్చుచున్న పురుషులతో చెప్పబడినది. దానిని తీసికొనిపోయి విడువబడిన స్త్రీకి చదివి వినిపించుట, దొంగతనము చేయవద్దను ఆజ్ఞను దోచుకొనబడినవానికి వినిపించుటవంటిది. ప్రభువు మత్తయి సువార్త పందొమ్మిదవ అధ్యాయములో వివాహబంధమును ఎంతో గట్టిగా నిలిపెను. అక్కడనే వ్యభిచారమను కారణమును ప్రత్యేకముగా పేర్కొనెను. అట్లు విడిపోయినవారు మరల పెండ్లి చేసికొనవచ్చునా అను విషయములో సంఘములన్నియు ఒక్క మాట మీద లేవు. నీ సంఘ కాపరితో నెమ్మదిగా మాటలాడుము. కాని మోసము చేయబడినవారు మోసగానితో కాపురము చేయుచున్నట్లు నటింపవలెనని ఏ లేఖనమును చెప్పుటలేదు.

మనుష్యుల చట్టములు కూడ చాలకాలము ఈ విషయములో రెండు తక్కెడలు పెట్టుకొనియుండెను. క్రైస్తవుల కొరకు 1869లో చేయబడిన విడాకుల చట్టము ప్రకారము, భార్య వ్యభిచరించినదని రుజువైనయెడల అదొక్కటే భర్తకు చాలును. భర్త వ్యభిచరించినయెడల భార్యకు అది చాలదు. దానితోపాటు క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపోవుటయో, అట్టి మరియొక దోషమో చూపవలసియుండెను. ఒకే పాపము పురుషునిలో తేలికగాను, స్త్రీలో బరువుగాను తూచబడెను. ఈ భేదము 2001లో జరిగిన సవరణతో తొలగింపబడెను. మరల 2018 సెప్టెంబరు 27న మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము వ్యభిచారమును శిక్షార్హమైన నేరముగా చూపు పాత సెక్షనును కొట్టివేసెను. కొందరు దీనిని విని, “ఇక అది తప్పే కాదట” అని పలుకుచున్నారు. నేరము కాదన్నంత మాత్రమున ద్రోహము కాకపోదు. విడాకులు కోరుటకు అది ఇప్పటికిని చట్టములో కారణముగానే యున్నది. చెరసాల భయము లేనప్పుడు కూడ మాట నిలుపుకొనువాడే నమ్మకమైనవాడు.

ఇంకొక సంగతియు తెలిసియుండుట మంచిది. సంఘపెద్దలు కూర్చుండి స్టాంపు కాగితము మీద వ్రాయించిన విడుదల పత్రము వలన క్రైస్తవ వివాహము చట్టములో రద్దు కాదు. దానిని రద్దు చేయునది న్యాయస్థానమే. ఆ కాగితమును నమ్మి మరల పెండ్లి చేసికొని చిక్కులలో పడినవారిని చూచి జాగ్రత్తపడుడి.

ఇప్పుడు మోసపోయిన పురుషులతో ఒక మాట. సహోదరుడా, నీ భార్య నిన్ను మోసగించినయెడల నీ నొప్పి తక్కువది కాదు. ఊరివారి నవ్వు నీ చెవిలో పడుచుండును. మగవాడవు గనుక ఏడ్వకూడదని నీకు నేర్పిరి; అందువలన ఏడ్పు కోపముగా మారును, కోపము చేతిలోనికి వచ్చును. చెయ్యి ఎత్తవద్దు. ఆమె ఫొటోలు, ఆమె రహస్యములు ఫోనులో ఊరంతటికి పంపవద్దు. మత్తయి మొదటి అధ్యాయములో యోసేపును చూడుము. తనకు ప్రధానము చేయబడిన కన్య గర్భవతి అని అతడు వినెను. నిజమేమో అతనికి ఇంకను తెలియదు. అతడు అనుకొన్నది పొరపాటు. కాని తాను మోసపోయితిననియే అనుకొన్న ఆ గడియలో అతడు ఏమి నిశ్చయించుకొనెను? ఆమెను నలుగురిలో అవమానపరచక, రహస్యముగా విడిచిపెట్టవలెనని నిశ్చయించుకొనెను. అందుకే అతడు నీతిమంతుడని పిలువబడెను. దెబ్బ తగిలిన దినముననే మనిషి నీతి బయటపడును. ఎదుటివారిని బజారున పెట్టకుండ విడిచిపెట్టుటకు బలము కావలెను, కొట్టుటకు బలమక్కరలేదు.

స్త్రీకైనను పురుషునికైనను, ఈ నొప్పిలో ప్రాణము తీసికొనవలెనను తలంపు వచ్చినయెడల ఒంటరిగా నుండవద్దు. ఆ గడియలోనే ఎవరినైనను లేపి చెప్పుము. 14416 అను సంఖ్యకు ఫోను చేసినయెడల ఉచితముగా, మన భాషలోనే మాటలాడువారున్నారు. ఇంటిలో దెబ్బల భయమున్న స్త్రీలు 181కు ఫోను చేయవచ్చును. మోసపోయినవారు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకొనుట కూడ అవసరము. దానిలో సిగ్గేమియు లేదు; సిగ్గు మరియొకరిది.

“వాడు తిరిగి వచ్చినయెడల?” ఇది చివరి ప్రశ్న, కష్టమైన ప్రశ్న. క్షమించుటకు ఒక్కరు చాలును. సమాధానపడుటకు ఇద్దరు కావలెను. నీవు నీ గదిలో మోకాళ్ళ మీద నుండి వానిని క్షమింపవచ్చును, వానికి తెలియనక్కరలేదు. కాని మరల ఒకే కప్పు క్రింద కాపురము చేయుటకు వాడు సత్యము చెప్పవలెను, ఆ మార్గము విడువవలెను, తాను చేసిన నష్టమును మోయుటకు ఒప్పుకొనవలెను. అక్కడ వానికి బిడ్డలు పుట్టియుండినయెడల వారి పోషణనుండియు పారిపోకూడదు. ఒక ద్రోహమును మరియొక ద్రోహముతో దిద్దలేము. డబ్బు అయిపోయినందున వచ్చినవాడును, జబ్బు చేసినందున వచ్చినవాడును, పశ్చాత్తాపముతో వచ్చినవాడును గుమ్మములో ఒక్కటిగానే కనబడుదురు. నీవు తొందరపడనక్కరలేదు. క్షమాపణ ఒక దినమున ఇయ్యవచ్చును. నమ్మకము మాత్రము విత్తి, నీరు కట్టి, కాచి, కోయవలసిన పంట. ఆ పంట పండినయెడల దేవుని స్తుతింపుము. పండనియెడల నిన్ను నీవు నిందించుకొనకుము.

సంఘమా, నీకును పని యున్నది. విడువబడిన స్త్రీ ఆలయములోనికి వచ్చినప్పుడు గుసగుసలు మానుము. పెండ్లి ఇంటికి ఆమెను పిలువక తప్పుకొనకుము. పెండ్లికుమార్తెకు పూలు పెట్టుటకు ఆమె చేతులలో ఏ దోషమును లేదు. స్త్రీల సమాజములో ఆమె పాడుచుండిన స్థలమును మరియొకరికి ఇయ్యకుము. రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, బిడ్డ బడి కాగితములు సరిచేసికొనుటకు ఒక దినము పని మానుకొని ఆమె వెంట మండల కార్యాలయమునకు వెళ్ళుము. ఆమె కొరకు చేయు ప్రార్థనలో అది కూడ ఒక భాగమే. తప్పు చేసినవాడు పట్నమునుండి పండుగకు వచ్చి మొదటి వరుసలో కూర్చుండి పెద్ద కానుక వేసినయెడల, ఆ కానుకను చూచి వాని భుజము తట్టకుము. అట్టి కానుకను గూర్చియే మలాకీ మాటలాడెను.

మన సహోదరి యొద్దకు తిరిగి పోదము. ఒక సాయంకాలము ఆమె బియ్యపు డబ్బా మూత తీసినది. మూడు కొలిచినది. నాలుగవదానికి చెయ్యి పోయినది. కొంచెము సేపు అక్కడనే ఆగినది. వాకిటిలో కూర్చున్న అత్త ఇది చూచెను. “వాడు నా కడుపున పుట్టినవాడే. అయినా తప్పు తప్పేనమ్మా. కూతురుకీ మనకీ వండు చాలు” అనెను. సహోదరి డబ్బా మూత పెట్టినది. ఆ రాత్రి ఆమె ఏడ్చినది. అయినను మరునాడు కోళ్ళకు వేయుటకు అన్నము మిగులలేదు.

ఇది ఓటమి అని ఎవరును అనుకొనవద్దు. ఆమె వానిని శపించలేదు. వాని పేరు ప్రార్థనలో నుండి కొట్టివేయలేదు. తలుపు మూసివేయలేదు. వాడు లేడను నిజమును ఒప్పుకొని, ఉన్నవారికి అన్నము పెట్టినది. నీ చేతిలో ఇంకను ఆ నాలుగవ కొలత యున్నయెడల, ప్రియ చదువరీ, ఈ రాత్రి దానిని దేవుని యెదుట నెమ్మదిగా దించుము. నీవు మోయవలసిన కాడి అది కాదు. నీ మెడ మీది పుండు మానుటకు కొంతకాలము పట్టును, మానును.

ప్రార్థన: తండ్రీ, మాకు ఇచ్చిన మాట తప్పినవారిని నీ చేతికి అప్పగించుచున్నాము. మేము వారికి న్యాయాధిపతులము కాము, కావలివారమును కాము. మేము మాట తప్పకుండునట్లు మమ్మును కాపాడుము. విడువబడిన మా సహోదరులను సహోదరీలను మేము రెండవసారి విడువకుండునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.